సోల అడుగున పట్టినన్ని మెంతులు

మెంతులు వేగేటప్పుడు వాసన మొదట తియ్యగా వస్తుంది, ఎక్కడో బెల్లం కాగుతున్నట్టు. గింజ ఎర్రబడి ఇంకాస్త ముందుకు పోయిందంటే, నోట్లో ఏమీ పెట్టుకోకుండానే గొంతులో చేదు దిగుతుంది. ఈ పొద్దున వరండాలో పేపరు ముందేసుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి ఆ తియ్యటి వాసన వచ్చింది. అక్క పొడి కోసం గింజలు వేయిస్తోంది. బావ పోయినప్పటి నుంచి అక్క నా దగ్గరే ఉంటోంది. హన్మకొండలో ఈ రెండు గదుల ఇంట్లో ఇద్దరు ముసలివాళ్ళం ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ రోజులు వెళ్ళదీస్తున్నాం. వాసన తగ్గింది. కాసేపటికి మళ్ళీ అదే వాసన మొదలైంది. ఇక పేపరు చదవబుద్ధి కాలేదు. కరీమాబాదులోని పెంకుటిల్లు, కిటికీ పక్క నవారు మంచం, మంచం పక్కన నేల మీద చిన్న తరాజు పట్టుకుని కూర్చున్న కొమురయ్య కాక గుర్తొచ్చారు. ఆయన్ను మీరెవరూ ఎరగరు. ఎరిగినవాళ్ళు కూడా ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. నా స్వభావంలో కాస్త మెత్తదనం ఏదైనా ఉంటే అది ఆయన ఇంట్లో అబ్బిందే. మిగిలినదంతా నా సొంతం.

డెబ్బైల చివర్లో నాకు వరంగల్‌లో లెక్కల టీచరుగా ఉద్యోగమొచ్చింది. మాది తొర్రూరు దగ్గర పల్లె. ఒంటరి ఆడపిల్లకు ఇల్లెవరిస్తారని నాయన దిగులుపడుతుంటే, మా ఊరి రైతొకాయన మార్కెట్లో తనకు తెలిసిన దడ్వాయి ఇంట్లో ముందుగది ఖాళీగా ఉందని చెప్పాడు. మార్కెట్‌కు వచ్చే ధాన్యం, మిర్చి, పత్తి తూకం వేసేవాళ్ళను మా వైపు దడ్వాయిలంటారు. కొమురయ్య కాక ఆ పనిలోనే తల నెరిశాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. కాంటా ముల్లు ఊగడం ఆగి సరిగ్గా నడుమ నిలబడేదాకా ఊపిరి కూడా బిగబట్టి చూస్తాడని ఆయనకు పేరు. వ్యాపారులకు అదంతగా నచ్చేది కాదు. నర్సంపేట నుంచి, మా తొర్రూరు నుంచి బండ్లు కట్టుకొచ్చిన రైతులు మాత్రం ఆలస్యమైనా సరే, కొమురయ్య కాంటా దగ్గరే వరుసలో కూర్చునేవాళ్ళు.

ఆ రోజుల్లో నా నోరు కూడా ఒక కాంటా లాంటిదే. తప్పు కనబడితే ఊరుకోలేను. పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్రసిరా ఎంత పోశానో లెక్కలేదు. అక్కడితో ఆగేదాన్నా అంటే అదీ లేదు. బస్సు కండక్టరు టికెట్టు మీద తేదీ తప్పేస్తే దిద్దించేదాన్ని, పెళ్ళిపత్రికల్లో తిథీ వారం కుదరకపోతే ఇచ్చినవాళ్ళ ముఖం మీదే చెప్పేదాన్ని. నాకు పెళ్ళి సంబంధాలు నిలవకపోవడానికి ఇదే కారణమని మా అమ్మ గట్టి నమ్మకం. కాకకు మాత్రం నా గుణం ముచ్చటేసింది. నేను దిద్దిన పుస్తకాల కట్ట పక్కన కూర్చుని, చదవడం రాకపోయినా ఆ ఎర్రగీతలు వేలితో తడిమి, "నువ్వు నా అసొంటి దానివే బిడ్డా, ముల్లు నడిమిట్ల నిలవకుంటే నీకూ నిద్ర పట్టది" అనేవాడు. ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని.

ఆయన భార్య రాజవ్వ. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా వచ్చినవాళ్ళకు తిండి పెట్టడంలోనే పోసేసేది. ఆమెకు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి సోల ఒకటుండేది. బియ్యమైనా గింజలైనా దానితోనే కొలవాలి. కాక బీటుబజారులో కిలోల లెక్కన తూకం వేయించి తెచ్చినదాన్ని, ఆమె చాటలో పోసుకుని మళ్ళీ సోలలతో కొలుచుకునేది. మొదటి సోలను ఒకటి అనేది కాదు. లాభం అనేది. లాభం, రెండు, మూడు. పాతకాలపు వాళ్ళందరూ అలాగే కొలిచేవాళ్ళు. లెక్కల టీచరును కాబట్టి, ఒకటి లేకుండా రెండెట్లా వస్తుందని నేను వాదన పెట్టుకునేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. పెదవులు మాత్రం ఆపకుండా కదిలేవి.

తూకం వేసిందాన్ని కొలవడం కాకకు పరువు తక్కువ. రోజూ అదే పేచీ. ఒకసారి పావుకిలో నువ్వులు తెచ్చిచ్చాడు. ఆమె అక్కడే కూర్చుని సోలకెత్తింది.

"కాంటా ఏసి తెచ్చిన గదనే. మల్ల కొలుసుడేంది? కాంటా అబద్ధమాడ్తదా?" అన్నాడాయన.

"అబద్ధమాడది. అడిగిందానికే జవాబు చెప్తది," అంది చిన్నమ్మ. "పావుకిలో అంటే పావుకిలో తూగింది, నిజమే. గింజ గట్టిదా తాలుదా అన్నది సోల జెప్తది. సూడు, ఎన్ని పొర్లిపోయినయో. పస లేని గింజలు తెచ్చినవ్."

నిజంగానే ఎప్పటికంటే ఎక్కువే పొర్లాయి. ఆయన లేచి చెప్పులేసుకుని, ఆ నువ్వులు మూటగట్టుకుని బజారుకు వెళ్ళి మార్చుకొచ్చాడు. అలా వాళ్ళిద్దరి పేచీల్లో నాకు చాలా సంగతులు తెలిసొచ్చాయి. సోల అంచుకు సమంగా తలకొట్టి పోసిన నువ్వులు పావుకిలోకు పిడికెడు తక్కువ తూగుతాయి. అదే సోలకు పైన గోపురంలా శిగ పెట్టి పోసినా ధనియాలు అద్దపావు, అంటే పావుకిలోలో సగం, దాటవు. ఆవాలకు శిగ నిలవదు, జారిపోతాయి. ఒక గింజ లెక్క ఇంకో గింజకు పనికిరాదని చిన్నమ్మ వేళ్ళకు తెలుసు. కాక తలలో అదంతా తూకం రూపంలో ఉండేది. ఇద్దరూ ఒక్కటే చెప్పేవాళ్ళు, కాని ఒప్పుకునేవాళ్ళు కాదు.

ఆ ఇంట్లో అన్నిటికంటే రుచైనది చిన్నమ్మ చేసే నువ్వుల పొడి. కూర ఉన్నా లేకపోయినా మొదటి ముద్ద దానితోనే తినాలి. కాక బయటికెళ్తే పొడి మూట వెంట ఉండాల్సిందే. సెలవురోజుల్లో ఆమె పొడి చేస్తుంటే నేను పక్కన కూర్చుని కొన్ని కొలతలు చూసి గుర్తుపెట్టుకున్నాను. నువ్వులు సోలెడు, తలకొట్టి. ధనియాలు సోలెడు, శిగ పెట్టి. జీలకర్ర గిద్దెడు, అంటే సోలలో పావువంతు. మిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు ఆమె అందాజా. మెంతులు మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. అవి అన్నిటికంటే ముందు వేయించి చల్లార్చాలట. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండేది. ఎన్ని వేస్తావని అడగాలని కూడా తోచలేదు. ఎప్పుడంటే అప్పుడు అడగొచ్చు కదా అనిపించే మనిషి ఆమె.

పత్తి సీజనులో ఒకరోజు పొద్దున చిన్నమ్మ బావి దగ్గర బిందె ఎత్తబోయి పక్కకు ఒరిగిపోయింది. నేను, పక్కింటివాళ్ళు కలిసి రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. ఎవరో మార్కెట్‌కు పరుగెత్తి కబురు చెప్పారు. కాక చొక్కా మీద పత్తిపోగులతో వచ్చి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి ఆరోజు చిన్నగా కనబడ్డాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. కొన్నాళ్ళకు ఇంటికి తెచ్చాం. కిటికీ పక్క మంచం వేసి, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం. ఎడమచెయ్యి ఆడేది. కళ్ళు బతికే ఉన్నాయి. ఆ కళ్ళలోకి చూడాలంటే నాకు భయం వేసేది.

ఆమె తినడం మానేసింది. అసలు కష్టం అదీ. జావ పోస్తే పెదవుల చివర నుంచి కారిపోయేది. మెత్తగా పిసికిన అన్నం పెడితే కాసేపు నోట్లో ఉంచుకుని నాలుకతో బయటికి తోసేసేది. మింగలేక కాదని డాక్టరు చెప్పాడు. మింగగలదు, తినాలని లేదు, ఇట్లాగే ఉంటే ఎక్కువ రోజులు నిలవదు అన్నాడు. కాక పనికి పోవడం మానేశాడు. తోటి దడ్వాయిలు ఆయన వంతు పని చేశారు. ఎన్నడూ పొయ్యి ముఖం చూడని మనిషి అన్నం వండడం, పప్పు మెదపడం నేర్చుకున్నాడు. గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని, ఒక్క ముద్ద, ఒక్కటంటే ఒక్కటి అని బతిమాలేవాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకునేది. రోజురోజుకు ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతుండేవి. బడికి పోతూ నేను గుమ్మంలో ఆగి చూసి, ఇంక చూడలేక వెళ్ళిపోయేదాన్ని.

ఒక సాయంత్రం కాక నన్ను పిలిచి, పొడితో పెడితే తింటదేమో అన్నాడు. ఆమె చేసి పెట్టింది ఎప్పుడో అయిపోయింది. పొరుగువాళ్ళు ఇచ్చిన పొడి కలిపి పెడితే ఆమె వాసన చూసే నోరు మూసుకుంది. నేను నాకు గుర్తున్న కొలతలు చెప్పాను. ఆయన బీటుబజారులో తెలిసిన దుకాణం నుంచి చిన్న తరాజు అడిగి తెచ్చాడు. సోల ఇంట్లోనే ఉంది కదా, ఇదెందుకని అడిగితే, సోల పట్టుకునే చేతిని బట్టి మారుతది, తూకం మారదు, సోలతో ఒక్కసారి కొలిచి తూకం పట్టుకుంటే ఎన్నటికీ తప్పు పోదు అన్నాడు. ఆయన నమ్మకం ఆయనది. మెంతులు తెలియవు కాబట్టి చిటికెడు వేశాం. దంచి, నెయ్యి వేసి కలిపి పెట్టాడు. చిన్నమ్మ నాలుక మీద ఉంచుకుని, ఆయన కళ్ళలోకే చూస్తూ బయటికి తోసేసింది. రెండోసారి మెంతులు లేకుండా చేశాం. అదీ తోసేసింది. ఆరోజు ఆయన గిన్నె కడగడానికి దొడ్లోకి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

మూడోసారి ఆదివారం పగలు. వంటింట్లో చీకటిగా ఉందని కాక సామానంతా మంచం దగ్గరికే తెచ్చుకున్నాడు. సోల నిండా నువ్వులు పోశాడు. పోసి, సోలను నేల మీద రెండుసార్లు దబదబా కొట్టాడు. మార్కెట్లో బస్తాలు నింపేటప్పుడు అలాగే నేలకేసి కుదేస్తారు, సరుకు అణిగి ఇంకాస్త పడుతుందని. ఆయన ఎరిగిన నింపడం అదొక్కటే. కుదేసిన చోట ఇంకో పిడికెడు పోశాడు. ఆ పద్ధతిలోనే మొదటి రెండుసార్లూ కొలిచాడన్నమాట. నేను ఆ మాట అనబోయేలోపే మంచం మీద నుంచి ఒక అరుపు వినబడింది. చిన్నమ్మ గొంతు. దవాఖాన నుంచి వచ్చాక ఆమె గొంతు వినడం అదే మొదలు. మాట కాదు, కోపం. ఎడమచేత్తో మంచం పట్టెను కొడుతోంది.

కాక బెదిరిపోయి లేచాడు. "ఏందే? తప్పు కొలుస్తాన్నా?" అన్నాడు. ఆమె ఎడమచెయ్యి చాపింది, సోల వైపు. ఆయన ఆ సోలను ఖాళీ చేసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగో, నువ్వే కొలువు. నాకు రాదు."

ఆమె ఒడిలో చాట పెట్టాం. నేను గింజలు దగ్గర పోశాను. ఎడమచేత్తో సోల నింపడం, తలకొట్టడం ఆమెకు చాలా కష్టమైంది. నువ్వులకు వేలితో తలకొడితే గుంట పడింది. మళ్ళీ పోసి మళ్ళీ కొట్టింది. ధనియాలకు శిగ పెట్టింది, అది కొంచెం జారింది, దాన్ని చూసి తల అడ్డంగా ఊపి ఇంకో గుప్పెడు పోసింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. శబ్దం లేకపోయినా ఆ ఆకారం మాకు తెలుసు. లాభం. జీలకర్ర సోల అడుగున వేసి, వంచి చూసి, చాలనుకుంది. అప్పుడు సోలను బోర్లించింది. నేను అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. పాత ఇత్తడి సోలకు అడుగున బయటివైపు చిన్న గుంట ఉంటుంది. మెంతులు తీసుకుని ఆ గుంటలో పోసి, బొటనవేలితో రాసి సమం చేసింది. లాభం అంది పెదవులతో. పళ్ళెంలో వంచింది. అదీ మెంతుల కొలత. ఇన్నాళ్ళూ మా కళ్ళ ముందున్న సోల అడుగుననే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో వీధిలో ఎవరో ఎవరినో గట్టిగా పిలిచారు. చిన్నమ్మ కిటికీ వైపు తల తిప్పింది. కాసేపు అటే చూసింది. తిరిగి చూసేసరికి చేతిలో బోర్లించిన సోల, ఖాళీ గుంట. ఆమె మళ్ళీ మెంతులు తీసి గుంటలో పోసింది, బొటనవేలితో రాసింది. పెదవులు కదిలాయి. రెండు అనలేదు. లాభం అనే అంది. అది కూడా పళ్ళెంలో వంచి, ఇక అయిపోయిందన్నట్టు సోలను ఒడిలో దించింది.

నేను చిన్నమ్మా అని నోరు తెరిచాను. కాక నా వైపు చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టాడు. కాంటా ఊగుతున్నప్పుడు పళ్ళెం మీద చెయ్యి వెయ్యబోయేవాళ్ళను ఆయన మార్కెట్లో అలాగే ఆపేవాడు. నేను ఆగిపోయాను. ఆయన తరాజు ఎత్తి, ఆమె కళ్ళ ముందే ఒక్కొక్క గింజా తూకం వేశాడు. మెంతులు చివర. ముల్లు ఊగి ఊగి నడుమ నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. తర్వాత, మార్కెట్లో అందరికీ వినబడేలా తూకం చెప్పే గొంతుతో, "రెండు తులాలు" అన్నాడు. చిన్నమ్మ కళ్ళు మూసుకుంది. ముఖం చెమట పట్టి ఉంది. చాన్నాళ్ళ తర్వాత పని చేసి అలసిన మనిషి ముఖం అది.

వేయించడానికి వంటింట్లోకి వెళ్ళాక నేను గొంతు తగ్గించి, ఆమె మెంతులు రెండుసార్లు పోసింది, ఒక తులం తీసేద్దాం, ఇక్కడ ఆమెకు కనబడదు అని చెప్పాను. ఆయన పెనం మీద నుంచి చూపు ఎత్తలేదు. "తూకం అయిపోయింది బిడ్డా. అయినంక తియ్యరు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముసలాయన మొండితనంతో ఆమె ప్రాణం తీసేట్టున్నాడని అనుకున్నాను. అంతా ఒక దారికి వచ్చి చివర్లో చెడిందే అని నా బాధ.

పొడి చేదైంది. కొంచెం చేదు కాదు, నీళ్ళు తాగినా పోని చేదు. నెయ్యి ధారగా పోసి కలిపి ఆయన మొదటి ముద్ద పెట్టాడు. చిన్నమ్మ నోట్లో ఉంచుకుంది. మేమిద్దరం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. గొంతు కదిలింది. మింగింది. మళ్ళీ నోరు తెరిచింది. కాక తొందరపడి పెట్టబోతే రెండో ముద్ద సగం ఆమె చీర మీద పడింది. ఆరోజు ఆమె ఎంత తిన్నదని అడిగితే, చిన్నపిల్ల తిన్నంత. మాకు అదే పండుగ. మిగిలిన అన్నం అదే పొడితో ఆయన తిన్నాడు, ఒక్కసారి కూడా ముఖం చిట్లించకుండా. నేను రెండు ముద్దలు తిని, కడుపు నిండిందని అబద్ధం చెప్పి లేచాను.

ఆ తర్వాత పొడి అయిపోయినప్పుడల్లా ఆయన తూకం వేసే చేశాడు. ప్రతిసారీ రెండు తులాల మెంతులే. ముల్లు వెంట్రుకవాసి కూడా పక్కకు పోనిచ్చేవాడు కాదు. తప్పు కొలతను అంత సరిగ్గా తూచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చిన్నమ్మ ఆ ఎండాకాలం గడిచేదాకా తింటూనే ఉంది. కాక కొద్దికొద్దిగా మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టాడు. మొదటి వానలు పడ్డాక ఒక పగటిపూట ఆమెకు మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఈసారి దవాఖాన దాకా కూడా అవసరం పడలేదు. ఆయన మార్కెట్ నుంచి వచ్చేసరికి నేను ఆమె తల నా ఒడిలో పెట్టుకుని ఉన్నాను. ఆయన ఏడవలేదు. ఆమె ఎడమచెయ్యి తీసుకుని, బొటనవేలిని తన బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. చుట్టాలు వచ్చి లేపేదాకా అలాగే ఉన్నాడు. నాకు ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు, ఆయన్ను వదిలి పోబుద్ధీ కాలేదు. చివరికి నర్సంపేటకు బదిలీ ఆర్డరు వచ్చి ఆ చిక్కు తీర్చింది.

ఎనభైల నడుమ ఒకసారి వరంగల్ వచ్చినప్పుడు ఆయన్ను చూడటానికి వెళ్ళాను. పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. వీపు వంగింది. చూపు మందగించింది. తిని పొమ్మని పట్టుబట్టి అన్నం పెట్టాడు. పీట వేసి, పళ్ళెంలో మొదట పొడి వడ్డించాడు. కలుపుకుని ముద్ద పెట్టుకున్నాను. అదే చేదు. ఇన్నేళ్ళు గడిచాయి, ఆమె లేదు, ఇంకా రెండు తులాలు. నాలోని టీచరు ఊరుకోలేదు. ఆనాడు రెండుసార్లు పడిన సంగతి నీకు నిజంగా తెలుసా, లేక నేను చెప్తే నమ్మలేదా అని అడిగాను.

"తెల్వకేం? ఆమె పెదవులే జూసిన," అన్నాడు. "రెండుసార్లు లాభమే అన్నది. రెండు అన్లే."

"మరి తీసేద్దామంటే వద్దన్నవు."

ఆయన నీళ్ళ చెంబు నా దగ్గరికి జరిపాడు.

"నేను చిటికెడు తీసినా నా మొకం జూసి కనిపెట్టేది బిడ్డా. నలపై ఏండ్లు నా మొకమే సదివింది. మాట పాయె, చెయ్యి పాయె. కొలత గూడ పాయెనని తెలిస్తే ఇగ ముద్ద ముట్టేదా? అందుకే గట్టిగ తూకం జెప్పిన, ఆమె ఇనాలెనని."

"ఇప్పుడు చూసేటోళ్ళు లేరు గద కాకా. ఒక్క తులం చాలు గద."

"నా కాంటా మీద తప్పని ఎరికై ముల్లు నిలబెట్టింది ఆ ఒక్కనాడే," అన్నాడు. "ఇప్పుడు సక్కజేస్తే, ఆనాడు ఆమెను మోసం జేసినట్టయితది. గందుకే గిట్లనే తింటాన."

నేను పళ్ళెంలోదంతా తిన్నాను. తింటుంటే కళ్ళు నిండాయి. ఆయనకు చూపు ఆనదు కాబట్టి తుడుచుకోలేదు. తర్వాత ఎప్పుడో ఆయన పోయిన కబురు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. సోల ఏమైందో వాళ్ళకు తెలియదు. తరాజు సంగతి అడగలేదు. నేను ఆ తర్వాత కూడా ఎర్రసిరా మానలేదు, నోరూ అంతగా మారలేదు. కాకపోతే తప్పు కనబడినప్పుడు ముందుగా ఆ తప్పు చేసిన మనిషి ముఖం చూడటం అలవాటైంది. చాలాసార్లు చూశాక కూడా దిద్దాను. కొన్నిసార్లు పెన్ను మూత పెట్టేశాను.

ఈ పొద్దున రెండోసారి వాసన మొదలయ్యాక లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన పళ్ళెంలో వేయించిన మెంతులు చల్లారుతున్నాయి. అక్క పెనం మీద మళ్ళీ మెంతులు వేయిస్తోంది. నేను వచ్చిన అలికిడికి తిరిగి చూసింది. పళ్ళెం చూసింది, పెనం చూసింది, నా ముఖం చూసింది. ఈమధ్య ప్రతిదానికీ అట్లా నా ముఖం చూస్తోంది, ఏదో తప్పిపోయిందా అన్నట్టు. పోయిన వారం పాలు రెండుసార్లు తోడుపెట్టింది. మొన్న, ఎన్నడో చనిపోయిన మా అమ్మ ఎప్పుడొస్తదని అడిగి, తనే నాలుక కరుచుకుంది. ఇది ఎక్కడికి పోయే దారో నాకు తెలుసు. తనకూ తెలుసనుకుంటా.

"అయినయా అక్కా?" అన్నాను.

"అయినయ్. ఇగ మిక్సీ పట్టు," అంది.

పెనంలోవి, పళ్ళెంలోవి రెండూ కలిపి మిక్సీలో పోశాను. మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అక్క మొదటి ముద్ద తిని ఆగింది.

"జర చేదైందా ఏందే?"

"లేదు, దీని రుచే గంత," అన్నాను. "కరీమాబాదుల నేనున్న ఇంట్ల గిట్లనే చేసేటోళ్ళు." అని ఇంకో చెంచాడు వేయమని పళ్ళెం చాపాను.